118 పేపర్లు, 14 కుండీలు, 208 వరసలు: నా టర్మ్ ఆఖరి నెల

టర్మ్ చివరి నెలలో టీచర్ అనే మనిషి దుప్పటి అల్లడం మొదలుపెట్టకూడదు. నేను పెట్టాను. మా చెల్లెలికి వచ్చే నెల 5న డెలివరీ అన్నారు. పుట్టే బిడ్డకి నా చేత్తో అల్లిన దుప్పటి ఇవ్వాలని పట్టుదల. పైగా ఎండలు ముదిరేలోపు కాయలు కాయించాలని 14 కుండీలు పెట్టి ఉన్నాను: ఐదు టమాటా, నాలుగు బీన్స్, మూడు కీరదోస, రెండు బంతి. ఈ రెండూ, పరీక్ష పేపర్లూ కలిసి ఒకే నెలలో మీద పడితే ఏమవుతుందో తేదీలతో సహా రాసిపెట్టుకున్నాను. అదే ఇది.

4వ తేదీ. పరీక్షలు ఇంకా మొదలు కాలేదు. ఇంట్లో తీరిక, మనసులో హాయి. ఎండాకాలం పుట్టే బిడ్డ కాబట్టి ఊలు వద్దనుకుని కాటన్ దారం తీసుకున్నాను, 50 గ్రాముల ఉండలు ఎనిమిది. 4.5 మిల్లీమీటర్ల సూదులతో ముందు ఒక నమూనా ముక్క అల్లాను. పది సెంటీమీటర్లకి 20 కుట్లు వచ్చాయి. ఇంతకు ముందైతే అక్కడితో లెక్క కట్టేసేదాన్ని. ఈసారి ఎందుకో దాన్ని ఉతికి, ఆరబెట్టి మళ్లీ కొలిచాను. కుట్లు వెడల్పుగా పరుచుకుని 18కి వచ్చాయి. 80 సెంటీమీటర్లు కావాలంటే 144 కుట్లు. ఉతక్కుండా 160 ఎక్కించి ఉంటే దుప్పటి 89 సెంటీమీటర్లు అయ్యేది. నెల మొత్తంలో నేను తెలివిగా చేసిన పని ఇదొక్కటే, అదీ మొదటి రోజే అయిపోయింది.

డిజైన్ బుట్ట అల్లిక. నాలుగు నిట్ (మామూలు కుట్టు), నాలుగు పర్ల్ (దాన్ని తిరగేసిన కుట్టు), నాలుగు వరసలు అయ్యాక తిరగేయాలి. ఎనిమిది వరసలకోసారి మళ్లీ మొదటికి వస్తుంది. మొత్తం 208 వరసలు. వరసకి ఆరు నిమిషాలు పడుతోంది. అంటే దాదాపు 21 గంటలు. రోజుకి గంట చొప్పున మూడు వారాలు, చాలా మామూలు విషయం అనిపించింది.

9వ తేదీకి 50 వరసలు. పొద్దున్నే 25 నిమిషాలు మొక్కలకి నీళ్లు, రాత్రి గంట అల్లిక. టమాటాలు పూత మీద ఉన్నాయి, రెండు మొక్కలకి పిందెలు కూడా పడ్డాయి. ఆ ఐదు రోజులూ నా అంత పద్ధతైన మనిషి లేదనుకున్నాను.

10న కట్టలు ఇంటికి వచ్చాయి. మూడు సెక్షన్లు, 38, 41, 39. మొత్తం 118 పేపర్లు. మార్కులు పోర్టల్‌లో ఎక్కించడానికి ఆఖరి గడువు 24 సాయంత్రం 5 గంటలు. దానితోపాటు అందరి రికార్డులూ దిద్దాలి. మొదటి ఐదు పేపర్లకి గడియారం పెట్టి చూసుకున్నాను, ఒక్కోదానికి 11 నిమిషాలు. 118ని 11తో గుణిస్తే 21 గంటల పైమాటే. దుప్పటికీ అంతే, పేపర్లకీ అంతే. చూసి నవ్వుకున్నాను. ఆ నవ్వు రెండు రోజులే ఉంది.

11, 12 తేదీల్లో 18 పేపర్లు అయ్యాయి. 12 రాత్రి ఆ పద్దెనిమిదికీ టోటల్స్ వేసి, తల బరువెక్కి, "కాసేపు అల్లుకుంటే రిలీఫ్‌గా ఉంటుంది" అని సూదులు తీశాను. ఇక్కడే అసలు కథ. అల్లిక అంటే ప్రశాంతత అని అందరూ అంటారు, నేనూ అనేదాన్ని. ఆ రాత్రి నాకు చాలా ప్రశాంతంగానే ఉంది. నాలుగు నిట్, నాలుగు పర్ల్ అనుకుంటూ చేతులు వాటంతట అవే నడిచాయి.

13న 19వ పేపర్ తీసే ముందు, ఎందుకైనా మంచిదని పాత 18 టోటల్స్ మళ్లీ కూడాను. మూడు తప్పు. ఒకదాంట్లో ఆరు మార్కులు తేడా. ఒళ్లు చల్లబడింది. ఆరు మార్కులంటే ఒక పిల్లవాడికి పాస్, ఫెయిల్ మధ్య గీత. రాత్రి భోజనం సరిగా సహించలేదు. 14న దుప్పటి మడత విప్పి పరిచి చూస్తే 51వ వరస దగ్గర గళ్లు ఒక కుట్టు పక్కకి జరిగి ఉన్నాయి. అక్కణ్ణుంచి 64 దాకా మొత్తం వంకరే. 14 వరసలు. అల్లడానికి పట్టింది 84 నిమిషాలు, విప్పి 144 కుట్లూ మళ్లీ సూది మీదికి ఎక్కించడానికి ఇంకో అరగంట. లైఫ్‌లైన్ (తప్పితే అక్కడిదాకా విప్పుకోవడానికి కుట్లలోంచి ముందే ఎక్కించే దారం) వేసుకోలేదు కాబట్టి ఆ ఎక్కించడం ఒక నరకం. కుట్టు జారితే నిచ్చెన మెట్లలా కిందికి దిగిపోతుంది, క్రోషా సూదితో ఒక్కో మెట్టూ పైకి లాక్కోవాలి.

అప్పుడు అర్థమైంది. ఇన్ని రోజులూ నేను గంటలు పంచుకుంటున్నాను, దీనికి గంట, దానికి మూడు గంటలు అని. కానీ అరిగిపోయేది గంటలు కాదు, లెక్కపెట్టే ఓపిక. మార్కులు కూడటానికీ కుట్లు లెక్కపెట్టడానికీ ఒకటే ఓపిక ఖర్చవుతోంది. టోటల్స్ వేసి వచ్చి అల్లితే అల్లిక తప్పుతుంది. అల్లి వచ్చి టోటల్ వేస్తే మార్కులు తప్పుతాయి. మొక్కల దగ్గర మాత్రం లెక్క లేదు. నీళ్లు పోస్తుంటే తల ఖాళీ అవుతుంది. అంటే రిలీఫ్ కోసం వెళ్లాల్సింది కుండీల దగ్గరికి, నేను వెళ్లింది సూదుల దగ్గరికి.

ఇంత జ్ఞానోదయం అయిన రోజే మొక్కల్ని మర్చిపోయాను. 14 సాయంత్రం విప్పే గొడవలో నీళ్లు పోయలేదు. 15 పొద్దున పేపర్ల తొందర. మధ్యాహ్నం స్కూల్ నుంచి వచ్చేసరికి టమాటాలు ఐదూ తడిగుడ్డలు వేలాడినట్టు ఉన్నాయి. కీరదోస ఆకులు గొడుగులు మూసినట్టు వాలిపోయాయి. ఏడుపొచ్చింది, నిజంగా. పేపర్లు సంచిలోనే వదిలేసి, కుండీలన్నీ నీడలోకి లాగి, అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా రెండు విడతలుగా నీళ్లు పోశాను. ఎండిపోయిన మట్టి మొదటిసారి నీళ్లు పీల్చుకోదు, అంచుల వెంబడి జారి కిందికి పోతాయి. పది నిమిషాలు ఆగి రెండోసారి పోస్తేనే లోపలికి దిగుతాయి. రాత్రి తొమ్మిదికల్లా ఆకులు లేచి నిలబడ్డాయి. హమ్మయ్య అనుకున్నాను. కానీ ఆ రెండు పూటల లెక్క మొక్క మర్చిపోలేదని పది రోజుల తర్వాత తెలిసింది.

15 రాత్రి మూడు పనులు చేశాను. ఒకటి, కుండీల్లో మట్టి మీద ఎండుటాకులు రెండంగుళాల మందాన పరిచాను. రెండు, అల్లికలో ఎనిమిది కుట్లకొకటి చొప్పున మార్కర్లు (గుర్తు కోసం సూదికి తొడిగే రింగులు) పెట్టాను, 17 మార్కర్లు. తెచ్చుకున్నవి సరిపోక మిగతావి రంగు దారం ముక్కలు ముడేసి వాడాను. ఇక 144 లెక్కపెట్టక్కర్లేదు, మార్కర్‌కీ మార్కర్‌కీ మధ్య చూపు సరిపోతుంది. ఎనిమిది వరసలకోసారి కుట్లలోంచి సన్న దారం ఎక్కించి లైఫ్‌లైన్ వేయడం కూడా మొదలైంది. మూడోది పేపర్ల సంగతి. ఒక్కో పేపర్ మొదటి నుంచి చివరిదాకా దిద్దడం మానేసి, మిగిలిన వందలో ముందు అందరి ఒకటో ప్రశ్న, తర్వాత అందరి రెండో ప్రశ్న, అలా వెళ్లాను. ఒకే జవాబు వందసార్లు చదివితే విసుగే, కాదనను. కానీ ఏ పాయింట్‌కి ఎన్ని మార్కులో మాటిమాటికీ జవాబుల కీ చూడక్కర్లేదు, ముందు ప్రశ్న బాగా రాసినవాడికి తర్వాతి దాంట్లో చెయ్యి జారడమూ ఉండదు. సగటున పేపర్‌కి 8 నిమిషాలకి దిగింది. వంద పేపర్లకి 13 గంటల 20 నిమిషాలు. పాత పద్ధతిలో 18 గంటల పైనే అయ్యేది. టోటల్స్ మాత్రం రాత్రి వేయడం మానేశాను. పొద్దున మొక్కల దగ్గర్నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, కూర్చుని ముప్పై చొప్పున కూడాను. వాటిలో తప్పులు రాలేదు. రెండేసి సార్లు కూడాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

16న మార్కుల గురించి రెండు గంటల మీటింగ్. చివరి వరసలో కూర్చుని 12 వరసలు అల్లాను. ముందు మొహమాటపడ్డాను గానీ ఎవరూ ఏమీ అనలేదు, పక్కనావిడ అయితే దారం పట్టుకుని చూసింది. మీటింగ్ అల్లికకి బాగా సరిపోతుంది. చెవులకి పని, చేతులకి ఖాళీ. మార్కర్లు ఉన్నాయి కాబట్టి లెక్క అక్కర్లేదు.

ఆ సాయంత్రమే మూడో ఉండ అయిపోయింది. చూస్తే 72వ వరస. అంటే ఉండకి 24 వరసలు. 208కి ఎనిమిది చాలవు, తొమ్మిదో ఉండలోంచి సగానికి పైగా కావాలి. మొదటి ఉండ అయిపోయినప్పుడే చూసుకుని ఉంటే అప్పుడే తెలిసేది. అదే రంగు మూడు ఉండలు ఆర్డర్ పెట్టాను. వస్తువు రావడానికి ఆరు రోజులు పట్టింది.

18న బీన్స్ వైపు తిరిగి చూశాను. నీళ్లు రోజూ పోస్తున్నాను గానీ కాయలు కోసి ఆరు రోజులైంది. ఆకుల వెనక దాక్కున్నవన్నీ ముదిరి, గింజలు ఉబ్బి, పీచు పట్టేశాయి. అంతకంటే దిగులు, కొత్త పూత దాదాపు లేదు. గింజ ముదిరితే తన పని అయిపోయిందనుకుంటుంది మొక్క. ముదురూ లేతా చూడకుండా అన్నీ కోసేశాను. మళ్లీ పూత కనిపించడానికి తొమ్మిది రోజులు పట్టింది. నీళ్లు పోసే పనికి నిమిషాలు కేటాయించుకున్నాను, కోసే పని ఒకటుంటుందని అసలు లెక్కలోకే తీసుకోలేదు.

కీరదోస ఇంకో భయం పెట్టింది. వారం నుంచి పూలు పూయడం, రాలడం. ఎండకేమో, ఆ 15వ తేదీ దెబ్బకేమో అని రోజూ తీగల దగ్గర నిలబడి నన్ను నేను తిట్టుకున్నాను. తీరా చూస్తే అవన్నీ మగపూలు. కీరదోసకి మొదట మగపూలే వస్తాయి, ఆడపూలు కొన్నాళ్లు ఆగి వస్తాయి. పువ్వు వెనక వేలెడంత చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు. 19 పొద్దున మొదటి ఆడపువ్వు కనిపించింది. తేనెటీగల జాడ లేదు, ఒక మగపువ్వు తెంపి రేకలు ఒలిచి దాని పుప్పొడి దీనికి అద్దాను. నా చేతికి అప్పటికే ఎర్ర సిరా. పువ్వుకేం కాలేదు గానీ ఆ రాత్రి అదే వేలితో అల్లితే దుప్పటి మీద 80వ వరస చివర ఒక ఎర్ర చుక్క పడింది. సబ్బుతో రుద్దాను, మూడుసార్లు. లేత గులాబీ అయింది, పోలేదు.

21, 22 రెండు రోజులూ పొద్దున్నించి సాయంత్రం దాకా స్కూల్లోనే ఉండాలి. రికార్డులు, రీచెకింగ్. మొక్కల గురించి టెన్షన్. అప్పుడు కంట పడింది ఉతికి పక్కన పడేసిన నమూనా ముక్క. దాన్ని విప్పేసి, కాటన్ దారం నాలుగు పోగులు జడలా అల్లి, ఒక కొస బకెట్ నీళ్లలో, ఇంకో కొస కుండీ మట్టిలో మూడంగుళాల లోతున పాతాను. బకెట్ కుండీ కంటే కొంచెం ఎత్తులో ఉండాలి, జడని ముందే తడిపి ఉంచాలి. పొడి జడ పెడితే నీళ్లు ఎక్కవు, మొదటి గంట నాకు అదే జరిగింది. ఒంటి పోగు పెడితే తడి కూడా సరిగా రాలేదు. 20 రాత్రి పెట్టి తెల్లారి చూస్తే బంతి, బీన్స్ కుండీలు చక్కగా తడిగా ఉన్నాయి. టమాటాలకి మాత్రం ఇది చాల్లేదు, కాయ మీదున్న టమాటా తాగే నీళ్లకి దారం జడ ఏ మూలకి? వాటికి పొద్దునొకసారి నేనూ, మధ్యాహ్నం మా అమ్మాయీ పోశాం. అదీ నేను రెండుసార్లు ఫోన్ చేసి గుర్తు చేస్తే.

22న దారం వచ్చింది. ఉండ మీద చీటీలో రంగు నంబర్ అదే, డై లాట్ నంబర్ (ఏ విడతలో రంగు వేశారో చెప్పేది) వేరే. విడిగా చూస్తే తేడా లేదు. పాతదాని పక్కన పెడితే కొంచెం పసుపు. అప్పటికి నాలుగు ఉండలు అయి సరిగ్గా 96 వరసలు. పాత నాలుగూ పూర్తిగా అల్లేసి చివర కొత్తది మొదలుపెడితే గీత గీసినట్టు కనబడుతుంది. అందుకే 97 నుంచీ రెండు వరసలు పాతది, రెండు వరసలు కొత్తది, మార్చి మార్చి అల్లాను. రెండేసి వరసలైతే దారం ఒకే అంచు దగ్గరికి తిరిగొస్తుంది, తెంపక్కర్లేదు, అంచు వెంబడే పైకి తీసుకుపోవచ్చు. రెండు ఉండలు మాత్రం గంటకోసారి పెనవేసుకుంటాయి. చిక్కు తీయడం ఆరు నిమిషాల వరస లెక్కలో లేదు.

23న మార్కులు ఎక్కించడం. ఒక సెక్షన్ పూర్తిగా కొట్టాను, 39 మంది. మధ్యలో ఫోన్ వచ్చి పది నిమిషాలు లేచాను. వచ్చి సేవ్ నొక్కితే లాగిన్ పేజీ. మొత్తం పోయింది. గట్టిగా అరిచాను, పక్క గదిలోంచి అందరూ వచ్చారు. రెండోసారి పదేసి మందికి సేవ్ చేసుకుంటూ వెళ్లాను. మా అమ్మాయి పేపర్ చూసి చదివింది, నేను కొట్టాను. తర్వాత నేను చదివాను, తను స్క్రీన్ చూసింది. పక్కపక్క నంబర్ల ఇద్దరి మార్కులు తారుమారైనవి అప్పుడే బయటపడ్డాయి. ఒంటరిగా చేసి ఉంటే దొరికేవి కావు. ఆ రాత్రి ఒక్క వరస కూడా అల్లలేదు, అల్లాలనీ అనిపించలేదు.

24 మధ్యాహ్నం 3:40కి ఫైనల్ సబ్మిట్. నాలుగు ఎర్ర పెన్నులు ఖాళీ. మంచం మీద వాలి రెండు గంటలు నిద్రపోయాను.

25 పొద్దున తీరిగ్గా, ఎన్నాళ్లకో, టమాటాల ముందు కూర్చున్నాను. ఏడు కాయలకి అడుగున నల్లటి మచ్చ, తోలులా గట్టిపడి లోపలికి పోయి ఉంది. తెగులేమోనని ముందు కంగారుపడ్డాను, పిచికారీ మందు కోసం లేచాను కూడా. తెగులు కాదు. నీళ్లు ఒకరోజు లేక, ఇంకోరోజు వరదలా పోస్తే కాయ చివరిదాకా కాల్షియం అందదు, అడుగు అలా నల్లబడుతుంది. 15వ తేదీ సంగతి. మట్టిలో కాల్షియం ఉన్నా, దాన్ని కాయదాకా మోసేది నీళ్లే. గుడ్డు పెంకులు వేయమని సలహా ఇచ్చారు, అవి మట్టిలో కలవడానికే నెలలు పడుతుంది. ఏడింటినీ తెంపేశాను. నల్లది కోసేసి మిగతాది వండుకోవచ్చంటారు గానీ చూడబుద్ధి కాలేదు. ఆ తర్వాత పడ్డ పిందెలకి మచ్చ రాలేదు.

28 తెల్లవారుజామున ఫోన్. చెల్లెలికి వారం ముందే డెలివరీ అయింది, ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. ఆనందం ఒకవైపు, సూదుల మీద 130 దగ్గర ఆగిన దుప్పటి ఒకవైపు. సిగ్గుగా అనిపించి చెల్లికి చెప్పలేదు. తనే అడిగింది, "అక్కా, దుప్పటి ఎంతవరకు వచ్చింది?" అని. "ఇంకొంచెమే" అన్నాను. 78 వరసలు.

వచ్చే నెల 6కి అయిపోయింది. పేపర్లు లేవు కాబట్టి రోజుకి ఎనిమిది, తొమ్మిది వరసలు, ఒక్క తప్పు లేకుండా. కుట్లు మూశాక దారం కొసలు లోపలికి కుట్టడానికే గంటన్నర పట్టింది, దాన్ని ఎవరూ 21 గంటల్లో కలపరు. తడిపి, చాప మీద పరిచి, నాలుగు వైపులా గుండుసూదులతో లాగి ఆరబెట్టాను. అంత ఎండలోనూ ఒకటిన్నర రోజు పట్టింది, కాటన్ నీళ్లని అంత గట్టిగా పట్టుకుంటుంది. కొలిస్తే 81 సెంటీమీటర్లు. రెండు లాట్ల తేడా నాకు తప్ప ఎవరికీ కనబడలేదు. గులాబీ చుక్క మాత్రం చెల్లి చూసిన మొదటి నిమిషంలోనే పట్టేసింది.

రెండు ఉండల పైన దారం మిగిలింది. కుండీల్లో పాత జడలు మెత్తబడి చివికిపోతున్నాయి, వాటి స్థానంలో కొత్తవి అల్లుతున్నాను. మొన్న ఒక పేపర్ టోటల్ మళ్లీ చూడమని స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. మర్నాడు పొద్దున నీళ్లు పోశాకే వెళ్లి కూడాను. సరిగ్గానే ఉంది.